బీమా గడువు తీరితే భారమెవరిపై?
మిల్లులు, సహకార సంఘాలు ధాన్యం, చెరకు తరలింపునకు లారీలు, ట్రాక్టర్లను అద్దెకు తీసుకుంటుంటాయి. ఒప్పంద సమయంలో గుత్తేదారు ఇచ్చిన బీమా పత్రం నకలును దస్త్రంలో పెట్టి మరచిపోవడం పరిపాటి. సీజను మధ్యలో గడువు తీరి, మరునాడే ప్రమాదం జరిగితే బాధిత కుటుంబం పరిహారం కోసం వాహన యజమాని ఆస్తులపైనే ఆధారపడాల్సి వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?
మోటారు వాహనాల చట్టం-1988లోని 146వ సెక్షన్ ప్రకారం రోడ్డెక్కే ప్రైవేటు వాహనాలకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. 2019 సవరణ ప్రకారం బీమా లేకుంటే తొలిసారి రూ.2 వేల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అద్దె బస్సు డ్రైవరు ఆర్టీసీ ఆజమాయిషీలో పనిచేసినందున పరిహార బాధ్యత సంస్థకూ వర్తిస్తుందని రాజస్థాన్ కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. వాహనం తమది కాదంటూ అద్దెకు తీసుకున్నవారు అన్నివేళలా తప్పించుకోలేరని దీంతో స్పష్టమవుతోంది.

ఈ జాగ్రత్తలు అవసరం
* వాహనం నంబరు, పాలసీ నంబరు, ప్రారంభ, ముగింపు తేదీలతో రిజిస్టరు నిర్వహించాలి.
* గడువుకు నెల ముందు, తిరిగి పదిహేను రోజుల ముందు గుత్తేదారుకు లిఖితపూర్వకంగా గుర్తుచేయాలి.
* ట్రాక్టరుతోపాటు ట్రాలీకీ బీమా ఉందో లేదో, అది కిరాయి రవాణాకు వర్తిస్తుందో లేదో చూడాలి.
* పరివాహన్ వెబ్‌సైటులో వివరాలు సరిచూసుకోవాలి.

ఆలస్యంగా పునరుద్ధరిస్తే మధ్య రోజులకు రక్షణ ఉండదు. కొత్త పత్రం చూపేవరకు ఆ వాహనానికి లోడు ఇవ్వకపోవడమే శ్రేయస్కరం.