జ్వరం గుట్టు చెప్పే బంగారం

పత్తి చేలో కలుపు ముమ్మరంగా సాగే రోజుల్లోనే చలిజ్వరం పట్టుకుంటుంది. ‘వానకు తడిసిన, అదే తగ్గుతది’ అని నాలుగు రోజులు ఓర్చుకుంటే పని పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఉట్నూరు, తిర్యాణి, మహదేవపూర్ వంటి అడవి ప్రాంతాల రైతులకు ఇది కొత్త కాదు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో చూశారు. నేటికీ దవాఖానలో రక్తపు పూతను అలాగే పరీక్షిస్తారు. అయితే ఊళ్లోనే ఆశ కార్యకర్త చేసే పట్టీ పరీక్ష 15 నుంచి 20 నిమిషాల్లో ఫలితం చెబుతుంది. చాలా పట్టీల మీద కనిపించే ఆ ఎర్ర గీత బంగారమే!

ఎర్ర బంగారం ఎట్లా?

పుస్తెలో పచ్చగా మెరిసే బంగారాన్ని మిల్లీమీటరులో సుమారు 25 వేలవ వంతు రేణువులుగా చేస్తే అది ఆకుపచ్చ వెలుగును మింగి ఎర్రగా కనిపిస్తుంది. మలేరియా క్రిమి రక్తంలోకి వదిలే మాంసకృత్తులను పట్టుకునే పదార్థాన్ని ఈ రేణువులకు అంటిస్తారు. గీత ఉండే చోట కూడా అలాంటిదే పూస్తారు. రక్తపు చుక్కలో క్రిమి జాడ ఉంటే రేణువులు అక్కడ ఆగి గుంపుగా చేరతాయి. గీత కంటికి కనబడుతుంది.

గీతలు చదివేదెట్లా?

• ‘సి’ అక్షరం వద్ద గీత తప్పక రావాలి. రాకుంటే ఆ పట్టీ పనికిరాదు, మరొకటి వాడాలి.

• దాంతోపాటు ఇంకో గీత సన్నగా వచ్చినా మలేరియా ఉన్నట్టే. ఫాల్సిపారం రకమైతే మెదడుకెక్కే ప్రమాదం ఉంది, ఆలస్యం చేయరాదు.

• ‘సి’ గీత ఒక్కటే వచ్చి, జ్వరం మాత్రం తగ్గకపోతే ఊరుకోవద్దు. దవాఖానకు పోయి రక్తపు పూత పరీక్ష చేయించాలి. డెంగీ, టైఫాయిడ్ వంటివి ఈ పట్టీలో తేలవు.

• ఫాల్సిపారం తగ్గాక కూడా కొన్ని వారాలు గీత రావచ్చు. ఇదివరకు మందు వాడి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

పట్టీ సంచిని పరీక్ష వేళకే చింపాలి. ఎండలో, తేమలో ఉంచితే పట్టీ చెడుతుంది.

జ్వరం తగ్గిందని మందు మధ్యలో ఆపొద్దు. గర్భిణులు ఆ విషయం తప్పక చెప్పాలి, వారికి కొన్ని మందులు ఇవ్వకూడదు. చేనుకు తెగులు సోకితే తొలి మచ్చకే మేల్కొంటాం. ఒంటికి జ్వరమొస్తే తొలిరోజే రక్తం చూపించుకుందాం.