మేక ముట్టని ఆకు

హాస్టల్‌లో నా పేరు ‘కోలా’. ఆదివారం భోజనం గంట కొట్టినా లేవనని రూమ్మేట్లు పెట్టిన పేరు. కూల్ డ్రింక్ పేరు ఎందుకు పెట్టారా అనుకున్నా మొదట్లో. తర్వాత ఫోన్‌లో బొమ్మ చూపించారు. బూడిద రంగు బొచ్చు, పెద్ద నల్ల ముక్కు, రెండు కొమ్మల మధ్య ఇరుక్కుని నిద్ర. రోజుకి 18 నుంచి 20 గంటలు అలాగే ఉంటుందట! కోపం వచ్చిన మాట నిజమే. కానీ అది ఎందుకంత నిద్రపోతుందో చదివాక ఆ పేరుకి నేను తగనని అర్థమైంది. నాది ఒట్టి బద్ధకం. దానికి నిద్ర లేకపోతే బతుకే లేదు.

దాని తిండి మనకి బాగా తెలిసిన ఆకే, నీలగిరి ఆకు. ఆంధ్రలో జామాయిల్ అంటారు. ముళబాగిలు దగ్గర మా అవ్వ ఊళ్ళో నీలగిరి తోపు ఉంది. జలుబు చేస్తే ఆ ఆకు ఉడికించి ఆవిరి పట్టించేది అవ్వ. మేకలు ఆ తోపులోనే తిరుగుతాయి, కింద గడ్డి మేస్తాయి, ఆకు మాత్రం ముట్టవు. చిన్నప్పుడు ఒక మేకపిల్లకి తినిపించబోతే, “దాని జోలికి అవి రావు మే, ఊరికే ఎందుకు అవస్థ” అనింది అవ్వ. పోయిన దసరా సెలవుల్లో ఈ వ్యాసం కోసమని నేనే ఒక లేతాకు నమిలి చూశా. రెండుసార్లు పుక్కిలించినా ఆ ఘాటు పోలేదు.

మన కోలారు జిల్లాలో, బెంగళూరు చుట్టుపక్కల ‘మైసూరు గమ్’ అని వేసిన చెట్లు ఎక్కువగా యూకలిప్టస్ టెరెటికార్నిస్ అనే జాతివి. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరం. అక్కడ దాన్ని ఫారెస్ట్ రెడ్ గమ్ అంటారు. క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాల్లో కోలాలు ఇష్టంగా తినే చెట్లలో అదొకటి. అంటే అవ్వ తోపులో మేక వద్దన్న ఆకే అక్కడ ఒక జంతువుకి పూట పూటా భోజనం.

అది ఎలా సాధ్యం? ఈ ఆకులో పీచు ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. పైగా తినేవాళ్ళని తరమడానికి చెట్టు నూనెలు, విషపదార్థాలు నింపి పెట్టుకుంటుంది. ఆ విషాన్ని విరిచేసే శక్తి కోలా లివర్‌కి చాలా ఎక్కువ. మిగతా పని పేగులది. పెద్దపేగు మొదట్లో ఉండే తిత్తిలాంటి భాగం దానికి దాదాపు 2 మీటర్ల పొడవు ఉంటుంది. ఆ జంతువు పొడవే ఒక మీటరు ఉండదు! అందులో ఆకు రోజుల తరబడి నానుతూ ఉంటే సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి సారం తీస్తాయి. ఇంత కష్టపడినా చేతికొచ్చే శక్తి కొంచెమే. జీతం తక్కువైన ఇంట్లో ఖర్చు చూసి పెట్టుకున్నట్టు, కోలా ఒంటిని కదపకుండా పొదుపు చేస్తుంది. యూకలిప్టస్ ఆకు మత్తెక్కిస్తుందని, అందుకే తూగుతుందని కొందరు చెప్తారు. అది తప్పు.

తిండిలో మాత్రం మహా పట్టింపు. యూకలిప్టస్‌లో 700 పైగా జాతులున్నా, ఒక చోట ఉండే కోలాలు ముఖ్యంగా తినేవి కొన్నే. ఆకుని ముందు వాసన చూస్తుంది, నచ్చితేనే నోట్లో పెడుతుంది. నీళ్ళు కూడా ఎక్కువగా ఆకులోంచే వస్తాయి. వాన పడితే మాను మీద నుంచి జారే నీటిని నాకుతుంది. ఎండాకాలం ఫోటోల్లో అది చెట్టుని వాటేసుకుని కనిపిస్తే ముద్దొస్తుంది కదా, అది ప్రేమ కాదు. గాలి కంటే మాను చల్లగా ఉంటుంది గనక ఒంటి వేడి దానికి వదిలిపెడుతోంది. చెట్టే దానికి ఇల్లు, వంటిల్లు, కుండ నీళ్ళు.

ఎలుగుబంటి అంటారు గానీ దానికీ ఎలుగుకీ ఏ చుట్టరికం లేదు. కంగారూలాగా సంచి ఉన్న జంతువు. బతికున్న వాటిలో దగ్గరి బంధువు నేలలో బొరియలు తవ్వే వాంబాట్. కోలా సంచి నోరు కూడా వాంబాట్‌కి ఉన్నట్టే కిందికి, వెనక్కి తిరిగి ఉంటుంది. గర్భం దాదాపు 35 రోజులే. పుట్టిన బిడ్డ చిక్కుడు గింజంత, బరువు ఒక గ్రాము కూడా ఉండదు. కళ్ళు లేవు, చెవులు లేవు. అయినా తనంతట తానే సంచిలోకి పాకి పాలు పట్టుకుంటుంది. ఆరు నెలలు అక్కడే.

తర్వాతిది చదివి ఛీ అనకండి. బిడ్డ ఆకులు తినడం మొదలుపెట్టే ముందు తల్లి దానికి ఒక మెత్తటి ప్రత్యేకమైన మలం తినిపిస్తుంది. ఆకుని అరిగించే సూక్ష్మజీవులు బిడ్డ కడుపులోకి చేరే దారి అదే. అది అందకపోతే బిడ్డకి నీలగిరి ఆకు విషమే. సంచి నోరు ఎందుకు కిందికి ఉందో నాకు అప్పుడు అర్థమైంది. బిడ్డ తల బయట పెడితే చాలు, అందుతుంది. అన్నప్రాశన మాట గుర్తొచ్చింది, ఇంట్లో చెప్తే అమ్మ తిట్టింది. ఆ తర్వాత ఏడాది వయసు వచ్చేదాకా తల్లి వీపు మీదే తిరుగుతుంది.

పెద్దయ్యాక ఒంటరి బతుకు. రాత్రిపూటే ఎక్కువ కదలిక. జత కట్టే కాలంలో మగది గురకా త్రేన్పూ కలిసినట్టు బొంగురుగా అరుస్తుంది. అంత చిన్న ఒంట్లోంచి అంత బండ గొంతు ఎలాగా అంటే, దానికి మామూలు స్వరతంత్రులతో పాటు ఇంకో జత ఉందని 2013లో కనిపెట్టారు. ముందు చేతికి రెండేసి బొటనవేళ్ళు. వేలిముద్రలు కూడా మన వాటిలాగే ఉంటాయి.

నేల మీదికి దిగితేనే దాని కష్టం. 1927లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం ఒక్క ఆగస్టు నెల వేటకి అనుమతిస్తే, బొచ్చు కోసం 5 లక్షలకు పైగా కోలాల్ని చంపారు. ఇప్పుడు తుపాకులు లేవు. అడవి నరికి ఇళ్ళు, రోడ్లు వేస్తున్నారు. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి నడవాల్సి వచ్చినప్పుడు కార్ల కింద పడుతుంది, కుక్కల నోట పడుతుంది. మంటలొస్తే దానికి తెలిసింది పైకెక్కడమే. 2019-20 కార్చిచ్చులో మంట చెట్ల తలలదాకా పోయింది. 2022లో క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతంలో దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించారు. దక్షిణాన విక్టోరియాలో కొన్ని చోట్ల కథ తిరగబడింది. మిగిలిన చిన్న అడవి ముక్కలో కోలాలు ఎక్కువై, ఉన్న చెట్లనే బోడి చేస్తున్నాయి.

క్లమీడియా అనే రోగం ఇంకో బాధ. కళ్ళు పోతాయి, గొడ్డుబోతులవుతాయి. యాంటీబయాటిక్ ఇద్దామంటే, విషాన్ని విరిచే ఆ లివరే మందుని కూడా తొందరగా విరిచేస్తుంది. ఎక్కువ ఇస్తే తల్లి ఇచ్చిన సూక్ష్మజీవులు చచ్చి, ఆకు అరగక, కడుపు నిండా తిండితోనే మాడిపోవచ్చు. అందుకే టీకా కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు, 2025లో దానికి అనుమతి వచ్చింది.

గాయపడి ఆస్పత్రికి చేరిన కోలాకి గడ్డి, పండు, రొట్టె ఏదీ పనికిరాదు. దాన్ని చూసుకునేవాళ్ళు రోజూ పోయి, అది తినే జాతి చెట్టు వెతికి, తాజా కొమ్మలు కోసుకొస్తారు. అది ఒక్కో ఆకూ వాసన చూస్తుంది. నచ్చకపోతే, అవ్వ తోపులో మేకలాగా, ముఖం తిప్పేసుకుంటుంది. వాళ్ళు ఇంకో చెట్టు కొమ్మ తేవాల్సిందే.