బడిలో చీపురు ఎవరి అజమాయిషీలో ఉండాలి?

ప్రభుత్వ బడుల శుభ్రతను ప్రైవేటు కంపెనీలకు ఇవ్వాలా వద్దా అన్న వాదనలో అసలు ప్రశ్న మరుగున పడుతోంది. మరుగుదొడ్డి కంపు కొడుతుంటే ఇప్పుడే కడగమని చెప్పే అధికారం ఆ బడిలో ఎవరికుంది? అమెరికాలోని షికాగో నగరం 2014లో ఆ అధికారాన్నే బడి బయటికి పంపింది. శుభ్రత నిర్వహణను అరామార్క్ అనే ప్రైవేటు కంపెనీకి మూడేళ్లకు 26 కోట్ల డాలర్లకు, సొడెక్సోమ్యాజిక్ అనే మరో కంపెనీకి 8 కోట్ల డాలర్లకు అప్పగించింది. ఖర్చు తగ్గుతుందని, ప్రధానోపాధ్యాయులు సబ్బులూ చీపుళ్ల లెక్కలు వదిలి చదువు చూసుకోవచ్చని అధికారులు చెప్పారు.

కొన్ని నెలలకే గదులు మురికిగా ఉంటున్నాయని, సామాన్లు అందడం లేదని ఆ ప్రధానోపాధ్యాయులే మొరపెట్టుకున్నారు. ఎదురుగా ఉన్న మనిషికి ఒక్క మాట చెబితే అయిపోయే పనికి కంపెనీ మేనేజరుకు రాసి ఎదురుచూడాల్సి వచ్చింది. అదే ఏడాది వందలమంది పారిశుద్ధ్య సిబ్బందికి ఉద్వాసన పలికారు. కాంట్రాక్టు మొత్తం ముందే ఖరారైపోతే కంపెనీకి మిగులు చూపేది మనుషుల తగ్గింపే. ఊడ్చే పనిలో ఎక్కువ ఖర్చు కూలీదే కదా. ఒక బడిలో ఎలుకల పెంటికలు బయటపడ్డాక జరిగిన తనిఖీల్లో 125 బడులకు 91 శుభ్రతలో తప్పాయని 2018లో షికాగో సన్‌టైమ్స్ రాసింది. పిల్లలు అన్నం తినే చోట ఇది క్షమించరాని సంగతి.

సొంత ఏర్పాటైతే బడి అద్దంలా ఉంటుందా అని అడగవచ్చు. దానంతటదే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, పిల్లలను బడికి పంపే తల్లులకిచ్చే అమ్మ ఒడి సాయం 15,000 రూపాయల్లోంచి వెయ్యి మినహాయించి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు. తల్లిదండ్రుల కమిటీల అజమాయిషీలో ఆయాలు వచ్చారు. చెప్పేవాళ్లు బడిలోనే ఉన్నారు, అది మేలే. కానీ అప్పట్లో నెలకు 6,000 రూపాయలిచ్చి రోజూ మరుగుదొడ్లు కడిగించడం అన్యాయం.

ప్రధానోపాధ్యాయుల నెత్తిన ఈ బరువెందుకన్న అభ్యంతరంలో నిజముంది. ఫినాయిల్ కొనడం, యంత్రాలు బాగుచేయించడం, జీతాలు వేయడం కంపెనీయే చూసుకోవచ్చు. ఏ బడికి ఎంతమంది ఉండాలో, వాళ్లకు ఎంత జీతమివ్వాలో మాత్రం ఒప్పందంలోనే రాయాలి. రోజువారీ పని చెప్పే హక్కు బడికే ఉండాలి. ప్రధానోపాధ్యాయుడి సంతకం లేనిదే ఆ నెల బిల్లు పాసు కాకూడదు. ఈ షరతులకు ఒప్పుకోని కంపెనీకి బడి గేటు తెరవక్కర్లేదు.