పాత ఇంజను భాగములు – ధరావతు

నల్లగొండ, ఇబ్రహీంపట్నము దిక్కులనుండి ట్రాక్టరు సామానులకై హైదరాబాదునకు పోవువారికి ముందుగా తగులునవి ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరు. అచట కొనుగోలు చేయువారికి మేమొక సంగతి మనవి చేయుచున్నాము.

పాత డీజిలు ఇంజనులకు క్రొత్త భాగములు దొరకనపుడు రీకండిషన్ చేసిన ఇంజెక్షన్ పంపు, స్టార్టరు మొదలగునవి కొనవలసివచ్చును. వీనిని తయారుచేయువారికి పాత భాగమే ముడిసరుకు. పంపులో ముఖ్యముగా అరుగునవి ప్లంజరు, బ్యారెలు. బాడీ పగులనిచో మరల పనికివచ్చును. కావుననే కొందరు వర్తకులు వెలతోపాటు ధరావతు పుచ్చుకొని, పాతది అప్పగించినపుడు వాపసు చేయుదురు. పాత బ్యాటరీ నిచ్చి తగ్గింపు వెలకు క్రొత్తది కొనుట మన మెరిగినదే, ఇదియు నట్టిదే.

పంపు వెల 9000 రూపాయలు, ధరావతు 3000 రూపాయలు అనుకొందము. పాత పంపును ఇనుప తూకమునకు అమ్మివేసిన రైతు కొద్ది రూపాయలకై ఆ 3000 పోగొట్టుకొనును.

గడువెంత, ఎట్టి స్థితిలో నున్న భాగమును తీసికొందురు, లోపమున్నచో ఎంత కోయుదురు అని ముందే అడుగవలెను. ధరావతును వెలనుండి వేరుచేసి రశీదులో వ్రాయించుకొనవలెను. రశీదు ఇయ్యకుండుట 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపారము.

పాత పంపును ఇంటివద్ద విప్పరాదు. డీజిలు వంచివేసి, రంధ్రములు మూసి, పలకమీది నంబరు వ్రాసికొని, తడి తగులకుండ ఉంచవలెను. క్రొత్తగా తెచ్చినది బిగించి, ఇంజను నడిపి చూచి, గడువులోపల పాతదానిని అప్పగించుట క్షేమము.