గుండె మాత్రతో కలిస్తే ప్రాణాపాయం

సిల్డెనాఫిల్‌ను మొదట పరీక్షించింది గుండెనొప్పికి. చివరకు 1998లో అమెరికాలో అనుమతి దక్కింది మాత్రం పురుషుల్లో అంగస్తంభన లోపానికి.

లైంగిక ఉద్దీపన కలిగినప్పుడు నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. దాంతో సీజీఎంపీ అనే రసాయనం పెరిగి రక్తనాళాలు వ్యాకోచిస్తాయి. సీజీఎంపీని పీడీఈ5 అనే ఎంజైమ్ విడగొడుతుంది. సిల్డెనాఫిల్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు కూడా సీజీఎంపీనే పెంచుతాయి. ఒకటి పెంచుతుంటే మరొకటి తగ్గనివ్వదు. ఫలితంగా రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

మన దేశంలో ఈ మందును డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలి. బతుకుతెరువు కోసం సూరత్ మరమగ్గాల దాకా వెళ్లిన తెలుగు నేత కార్మికుడైనా, సొంతూళ్లో ఉన్నవారైనా మొహమాటంతో చీటీ లేకుండా కొంటే, గుండెకు ఏ మందు వాడుతున్నారని అడిగేవారుండరు.

మాత్ర వేసుకున్నాక ఛాతీనొప్పి వస్తే సొంతంగా నైట్రేట్ వాడకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి. సిల్డెనాఫిల్ తర్వాత కనీసం 24 గంటలు, తడలాఫిల్ తర్వాత 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. స్తంభన 4 గంటలు దాటినా అత్యవసర చికిత్స అవసరం.

ఈ లోపం మధుమేహానికో, గుండెజబ్బుకో తొలి సూచన కావచ్చు. డాక్టర్ దగ్గర సిగ్గుపడితే ఆ సూచన కూడా మరుగునపడుతుంది.