అపాయింట్‌మెంట్ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ముందు



ఆస్పత్రుల్లో కంప్యూటర్ పెట్టాక కూడా ఓ.పి. దగ్గర వరుస ఎందుకు తగ్గలేదని చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మెళియాపుట్టి, హిరమండలం, కొత్తూరు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కినవారు, గుణుపురం రైలు దిగినవారు, పర్లాకిమిడి నుంచి ఆటోలో వచ్చినవారు పాతపట్నం చేరేది ఇంచుమించు ఒకే వేళకు. పుస్తకంలో రాసే పనినే కంప్యూటర్‌లో కొడితే అక్షరాలు అందంగా వస్తాయి, వరుస మాత్రం అలాగే ఉంటుంది. తేడా రావాలంటే ప్రోగ్రాము రాయకముందే కొంత ఆలోచన జరగాలి. ఆ ఆలోచనకు కంప్యూటర్‌వారు పెట్టిన పేరు ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనాలిసిస్ అండ్ డిజైన్.

పేరు పెద్దదే గాని విషయం కష్టమైనది కాదు. మన పనిలో ఉన్న మనుషులు, వస్తువులు, సంఘటనలు ఏవి? ఒక్కొక్కదానికి ఏమి తెలిసి ఉండాలి? ఏ పని ఎవరి బాధ్యత? ఇవి తేల్చుకోవడమే. ఈ పద్ధతికి మూలమైన సిములా అనే భాషను 1960లలో ఓస్లోలో ఓలే-జోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు తయారుచేశారు. వరుసలు, రద్దీలు ఎలా పెరుగుతాయో కంప్యూటర్‌లో అనుకరించి చూడడం వారి ఉద్దేశాల్లో ఒకటి. కాబట్టి ఈ విద్య ఓ.పి. వరుసకు కొత్తదేమీ కాదు, పాత చుట్టమే!

చాలామంది చేసే మొదటి డిజైన్ ఇలా ఉంటుంది. రోగి పేరు, వయసు, ఊరు, పక్కన ‘మళ్ళీ రావలసిన తేదీ’ అని ఒక గడి. చూడడానికి సరిపోయినట్టే ఉంటుంది. కాని కొత్త తేదీ వేయగానే పాత తేదీ చెరిగిపోతుంది. పోయిన వారం ఆమె వచ్చిందా, రాలేదా? ఎవరూ చెప్పలేరు.

మామూలు జలుబుకైతే ఫరవాలేదు. ఉద్దానం కిడ్నీ రోగుల సంగతి తీసుకోండి. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు, ఒక్కో విడతకు సుమారు నాలుగు గంటలు చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఎన్ని యంత్రాలున్నా ఒక రోగి ఒక విడత తప్పిపోతే ఒంట్లో నీరు, పొటాషియం పెరుగుతాయి, ప్రాణం మీదకు రావచ్చు. అతను రాలేదన్న సంగతి ఆ రోజే ఎవరికైనా తెలియాలి. తేదీ చెరిపేసే గడి ఆ సంగతి చెప్పదు.

అందుకే అపాయింట్‌మెంటును రోగి రికార్డులో ఒక గడిగా కాక, తనంతట తానే ఒక ఆబ్జెక్టుగా చూడాలి. దానికి పుట్టుక ఉంటుంది, దశలు ఉంటాయి, ముగింపు ఉంటుంది. ఆస్పత్రుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ‘ఫైర్’ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మన దేశంలో 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కూడా దాన్నే వాడుతోంది. అందులో షెడ్యూలు, స్లాటు, అపాయింట్‌మెంటు మూడూ వేరువేరు. డాక్టరు గారు ఫలానా రోజున ఉంటారనేది షెడ్యూలు. అందులో ఒక ముక్క స్లాటు. ఆ ముక్క ఒక రోగికి ఇస్తే అపాయింట్‌మెంటు. దాని దశలు కూడా విడివిడిగా ఉన్నాయి: ఖాయమైంది, రోగి వచ్చారు, పని పూర్తయింది, రద్దయింది, రోగి రాలేదు. రద్దవడం, రాకపోవడం రెండూ ఒకటి కాదని గమనించండి. రద్దయితే ఆ చోటు మరొకరికి ఇవ్వవచ్చు. రాకపోతే ఫోను చేయాలి, లేదా ఆశా కార్యకర్తకు కబురు పెట్టాలి.

ఇక ఫోను సంగతి. పట్నంలో చేసిన సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఫోను నంబరుతోనే మనిషిని గుర్తుపడతాయి. మన కొండ ఊళ్ళలో మూడు ఇళ్ళకు కలిపి ఒక ఫోను ఉండవచ్చు, అది పనికి వలస వెళ్ళిన కొడుకు జేబులో ఉండవచ్చు. పేరుతో వెతుకుదామంటే అదే పేరు తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, సవర పలుకుబడిలో ఇంకోలా రాస్తారు. (సవర భాష కోసం జీవితమంతా పాటుపడిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారే. మన రిజిస్ట్రేషన్ గుమాస్తాల కష్టం ఆయనకు బాగా అర్థమయ్యేది.) కనుక ఫోనును రోగి గుర్తుగా కాక వేరే ఆబ్జెక్టుగా పెట్టాలి: ఒక ఫోనుకు చాలామంది రోగులు, ఎవరి ఫోను, ఏ భాషలో చెప్పాలి అన్నవి దానికి తెలియాలి. గుర్తుగా మాత్రం ఆస్పత్రి నంబరే ఉండాలి.

రకాలను బట్టి ఆబ్జెక్టులను విడదీయవచ్చుగాని అతి చేయకూడదని మా అభిప్రాయం. ‘గర్భిణి’ అని వేరే రకం రోగిని సృష్టిస్తే కాన్పు అయ్యాక ఆమెను ఏం చేస్తారు? మనిషి మారలేదు, స్థితి మారింది.

సమయం ఇచ్చే పద్ధతిపై ఇంగ్లండులో నార్మన్ బెయిలీ 1952లోనే లెక్కలు కట్టారు. ఆరంభంలో ఇద్దరిని పిలిచి, తరువాత ఒక్కొక్కరిని సగటున ఒక రోగిని చూడడానికి పట్టే వ్యవధికొకరు చొప్పున రమ్మంటే డాక్టరు ఖాళీగా ఉండరు, రోగులు ఎక్కువసేపు కూర్చోరని చెప్పారు. బస్సు వేళను నమ్ముకున్నవారికి పది నిమిషాల స్లాటు ఇవ్వడంలో అర్థం లేదు. గంటకు ఇంతమంది అని పెద్ద స్లాటు పెట్టి, దూరపు వారికి బస్సు చేరే గంట ఇవ్వడం నయం. పాము కాటుకు, పురిటి నొప్పులకు అపాయింట్‌మెంటు అడిగే గడి ఎక్కడా ఉండకూడదు. ఆ దారి మొదటి రోజు గీసిన బొమ్మలోనే వేరుగా ఉండాలి.

ఇదంతా తేల్చుకోవడానికి కంప్యూటర్ అవసరం లేదు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1989లో చూపిన పద్ధతి ఒకటుంది. చిన్న అట్టముక్కలు తీసుకుని ఒక్కొక్కదాని మీద ఒక ఆబ్జెక్టు పేరు, దాని బాధ్యతలు, ఎవరితో కలిసి పని చేస్తుందో రాయాలి. గుమాస్తా, నర్సు, డాక్టరు తలా కొన్ని పట్టుకుని, ‘డాక్టరు గారు రేపు సెలవు’ అని ఒకరు అనాలి. అప్పుడు రోగులకు కబురు పెట్టవలసింది ఎవరి అట్టముక్క? అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే ఆ బాధ్యత ఎవరికీ ఇవ్వలేదన్నమాట. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామీణ ఆస్పత్రి కోసం మొదలై ఇతర దేశాలకూ వెళ్ళిన బాహ్మ్నీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు తెచ్చుకున్నా ఈ చర్చ మాత్రం ఇక్కడివాళ్ళే చేసుకోవాలి.

కరెంటు పోయే ఊళ్ళో మరో జాగ్రత్త: మరునాటి జాబితాను ముందురోజు సాయంత్రమే కాగితం మీద అచ్చు వేసి ఉంచాలి.

ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత చీటీ తప్పక తెచ్చుకోండి, దాని మీదే మీ ఆస్పత్రి నంబరు ఉంటుంది. ఫోను నంబరు మారితే కౌంటరులో చెప్పండి. రాలేకపోతే ముందురోజే కబురు పెట్టండి, ఆ స్లాటు ఇంకొకరికి ఇవ్వవచ్చు.