పాలకుల పక్షాన పత్రిక: 1948 హైదరాబాదు

యుద్ధం నడుస్తున్న నగరంలో పాలకుల పక్షాన పనిచేసే పత్రికలను విధేయ పత్రికలు అంటారు. ప్రపంచ చరిత్రలో వాటికి ప్రసిద్ధ ఉదాహరణ న్యూయార్కులో జేమ్స్ రివింగ్టన్ నడిపిన రాయల్ గెజెట్. 1775లో అమెరికా స్వాతంత్ర్యవాదులు అతని ముద్రణాలయాన్ని ధ్వంసం చేశారు. మరుసటి ఏడాది బ్రిటిష్ సేన నగరాన్ని పట్టుకుంది. 1777లో రివింగ్టన్ తిరిగి వచ్చి రాజుగారి ముద్రాపకుడి హోదాలో పత్రికను మళ్ళీ మొదలుపెట్టాడు. 1783లో ఆ సేన ఓడలెక్కి వెళ్ళిపోవడంతో పత్రిక కూడా ఆగిపోయింది.

తెలుగు నేల మీద దీనికి దగ్గరగా వచ్చేది నిజాం రాజ్యపు చివరి రోజుల హైదరాబాదు. ఆ నగరాన్ని పరాయి సేన పట్టుకోలేదు, అక్కడ ఉన్నది నిజాం సొంత ప్రభుత్వమే. కానీ 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరిన తర్వాత కాసిం రజ్వీ నాయకత్వంలో నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళం, రజాకార్ల బలం అంతకంతకు పెరిగింది. ఎదురు చెప్పేవాళ్ళకు బతుకు కత్తి అంచు మీద సాగింది. అలాంటి చోట పత్రిక పెట్టడమంటే ఏదో ఒక పక్షాన నిలబడడమే.

నిజాం పక్షాన నిలబడిన ఉర్దూ దినపత్రికల్లో రహ్బర్-ఎ-దక్కన్ ముఖ్యమైనది. రాజ్యంలో కచేరీ, కోర్టు, పై చదువు ఎక్కువగా ఉర్దూలోనే నడిచేవి. కాబట్టి దాని మాట ఉద్యోగ వర్గాల దాకా వెళ్ళేది. జనంలో ఎక్కువమంది మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్ళు. ఆసిఫాబాద్ వైపు గోండీ కూడా ఉంది. పాలకుల మాట వాళ్ళకు చేరాలంటే ఉర్దూ ఒక్కటే చాలదు.

మీజాన్ అనే పత్రికకు ఇక్కడే ప్రాధాన్యం వచ్చింది. నిజాం ప్రభుత్వానికి అనుకూలుడైన వ్యాపారి గులాం మహమ్మద్ కలకత్తావాలా దీన్ని ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు భాషల్లో తెచ్చాడు. తెలుగు మీజాన్‌కు సంపాదకుడిగా కూర్చోబెట్టినది అడివి బాపిరాజును. ఆయన సహాయ నిరాకరణ ఉద్యమంలో జైలుకు వెళ్ళివచ్చిన మనిషి, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసినవాడు, నారాయణరావు, హిమబిందు నవలల రచయిత. ఆ కార్యాలయంలోనే తిరుమల రామచంద్ర, రాంభట్ల కృష్ణమూర్తి వంటివాళ్ళు కలం పట్టారు. యజమాని రాజకీయం ఒకటి, రాసేవాళ్ళ మనసు మరొకటి. విధేయ పత్రికల చరిత్ర చదివేటప్పుడు ఈ తేడాను వదిలేస్తే రాసినవాళ్ళకు అన్యాయం చేసినట్టే. మంచి తెలుగు రావాలంటే మంచి రచయితలు కావాలి, ఆ రచయితలేమో ఎక్కువగా జాతీయోద్యమం నుంచి వచ్చినవాళ్ళు. పెట్టుబడి పెట్టినవాడికి వేరే దారి లేదు.

ఎదుటి పక్షంలో మందుముల నర్సింగరావు నడిపిన రయ్యత్ పత్రిక ఉంది. దాన్ని ప్రభుత్వం మూయించింది. అందులో పనిచేసిన యువ జర్నలిస్టు షోయబుల్లా ఖాన్, కాంగ్రెస్ నాయకుడు బూర్గుల రామకృష్ణారావు వంటివారి తోడ్పాటుతో 1947 నవంబరులో ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రికను మొదలుపెట్టాడు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని అందులో సూటిగా రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఇదే కోరుతూ ఇచ్చిన ప్రకటననూ అచ్చువేశాడు. ఈ మాటలు ఉర్దూలో, ఒక ముస్లిం సంపాదకుడి కలం నుంచి రావడమే రజాకార్లకు మింగుడుపడలేదు. ముస్లింలంతా తమ వెనకే ఉన్నారన్న వాళ్ళ వాదనకు అది నేరుగా తగిలిన దెబ్బ. ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని కాచిగూడ వైపు ఇంటికి పోతున్న అతని మీద దాడి చేసి, చేయి నరికారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది. వెంట ఉన్న బావమరిది ఇస్మాయిల్ ఖాన్ కూడా తీవ్రంగా గాయపడ్డాడు. చనిపోయేనాటికి షోయబుల్లాకు ఇంకా 28 ఏళ్ళు నిండలేదు. తెలంగాణలో పత్రికా స్వేచ్ఛ అని ఎవరు పలికినా మొదట తలచుకోవలసిన పేరు ఇతనిదే.

    

1948 సెప్టెంబరు 13న భారత సేన నాలుగు దిక్కుల నుంచి రాజ్యంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. దాంతో పాలకుల పక్షపు పత్రికల కాళ్ళ కింద నేల కదిలింది. మీజాన్ నిలవలేదు. రహ్బర్-ఎ-దక్కన్ పేరు మార్చుకుని రహ్నుమా-ఎ-దక్కన్‌గా కొనసాగింది. 1949 ఆగస్టు 15న ఆబిద్ అలీ ఖాన్, మహబూబ్ హుసేన్ జిగర్ సియాసత్ దినపత్రికను ప్రారంభించడంతో నగరంలోని ఉర్దూ పాఠకులకు కొత్త కాలపు పత్రిక అందింది.